‘టుమారో’ కనిపిస్తే ‘విల్’ పెట్టాల్సిందేనా?

దసరా సెలవులకు ముందు మా మేనకోడలు తన ఇంగ్లీషు యూనిట్ టెస్ట్ పేపరు తెచ్చి నా ముందు పెట్టింది. తొమ్మిదో తరగతి చదువుతోంది. ‘రేపు రైలు ఆరింటికి బయలుదేరుతుంది’ అనే తెలుగు వాక్యాన్ని ఇంగ్లీషులో రాయమన్నారు. ‘ద ట్రెయిన్ లీవ్స్ ఎట్ సిక్స్ టుమారో’ అని రాసింది. ‘లీవ్స్’ మీద ఎర్ర ఇంకుతో అడ్డగీత, పైన ‘విల్ లీవ్’ అని దిద్దుబాటు. పక్కన చిన్న అక్షరాలతో ‘టుమారో ఉంటే విల్ రావాలి’ అని కూడా ఉంది. ఒక మార్కు పోయింది.

“మామయ్యా, నేను రాసింది నిజంగా తప్పా?” అంది.

తప్పు కాదు. నూటికి నూరుపాళ్ళు సరైన వాక్యం. రైళ్ళు, బస్సులు, సినిమా ఆటలు, పరీక్షలు, ముందే ఒక పట్టిక ప్రకారం ఖాయమైపోయిన ఏ పనికైనా ఇంగ్లీషువాళ్ళు సహజంగా వాడే రూపం అదే. ‘విల్ లీవ్’ కూడా రాయొచ్చు, అదీ ఒప్పే. కానీ ‘లీవ్స్’ అని రాసిన పిల్ల ఆ భాషను ఇంకాస్త దగ్గరగా విన్నట్టు లెక్క. ఆ పిల్లకే మార్కు తీసేశారు. ఇది నన్ను చాలా రోజులు వదల్లేదు. మార్కు సంగతి అలా ఉంచండి. సరిగ్గా విన్న చెవిని ‘నువ్వు విన్నది తప్పు’ అని నమ్మించడం నాకు బాధగా ఉంది. ఎందుకంటే నాకూ అదే జరిగింది.

నేను తెలుగు మీడియంలో చదువుకున్నాను. ఇంగ్లీషు క్రియలంటే మాకు ఒక పెద్ద పట్టిక. నిలువునా మూడు కాలాలు, అడ్డంగా నాలుగు రూపాలు, మొత్తం పన్నెండు గళ్ళు. భవిష్యత్ కాలం మొదటి గడిలో ‘సబ్జెక్ట్ ప్లస్ షల్ ఆర్ విల్ ప్లస్ వీ వన్’ అని ఉండేది. ఐ, వియ్ వస్తే షల్, మిగతావాటికి విల్. నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. పదో తరగతిలో నాకు ఇంగ్లీషులో మంచి మార్కులే వచ్చాయి.

తర్వాత మొదటి ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక గురువారం సాయంత్రం, క్లయింట్ వైపు నుంచి ఒకాయన ఫోన్లో ‘ఆర్ యూ వర్కింగ్ దిస్ సాటర్డే?’ అని అడిగాడు. నా బుర్రలో పట్టిక తిరిగింది. ‘ఆర్ వర్కింగ్’ అంటే ఇప్పుడు జరుగుతున్న పని. శనివారం ఇంకా రానే లేదు. మరి ఈయన అడుగుతున్నది ఏమిటి? ఇంకోసారి చెప్పమనడానికి మొహమాటపడి, ‘నో సర్’ అనేశాను. నిజానికి ఆ శనివారం పనిచెయ్యడానికి నేను సిద్ధపడి ఉన్నాను, దాని కోసం ఊరెళ్ళడం కూడా మానుకున్నాను. సోమవారానికల్లా నాకు రావాల్సిన పని పక్క సీటు అతనికి వెళ్ళిపోయింది. ఎందుకో నాకు చాలా రోజులు అర్థం కాలేదు.

అదే మనిషి తెలుగులో ‘ఈ శనివారం పనిచేస్తున్నావా?’ అని అడిగి ఉంటే ఒక్క క్షణం తడబడేవాణ్ణి కాదు. అదే ప్రశ్న, అదే రూపం. ‘రేపు ఊరెళ్తున్నా’, ‘ఆదివారం పెళ్ళికి వస్తున్నావా?’ అని చిన్నప్పటి నుంచీ అంటున్నవాణ్ణే. నా భాషకు పుట్టుకతో తెలిసిన సంగతిని ఆ పట్టిక నా చేత మరిపించింది.

ఆ తర్వాత ఈ విషయం మీద దొరికిందల్లా చదివాను. కొన్నేళ్ళుగా సాయంత్రాలు మా వీధి పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. అందుకని ఒక మాట ధైర్యంగా అంటున్నాను. ఇంగ్లీషు క్రియకు భవిష్యత్ కాలం అనే రూపమే లేదు. మన పిల్లలకు మొదటి రోజే ఈ మాట చెప్పాలి. చెప్పి, ఇంగ్లీషు రేపటి గురించి ఎలా మాట్లాడుతుందో తెలుగు నుంచే చూపించాలి.

రూపం లేదంటే ఏమిటి? సంస్కృతం తీసుకోండి. గచ్ఛతి అంటే వెళ్తున్నాడు, గమిష్యతి అంటే వెళ్తాడు. క్రియ లోపలే మార్పు వచ్చింది. లాటిన్‌లోనూ ఫ్రెంచిలోనూ అంతే, భవిష్యత్తుకు వేరే ప్రత్యయాలున్నాయి. ఇంగ్లీషులో ‘ప్లే’ ఉంది, ‘ప్లేస్’ ఉంది, ‘ప్లేడ్’ ఉంది. రేపటి కోసం నాలుగోది లేదు. ఉన్నవి రెండే కాలాలు, జరిగిపోయినది ఒకటి, జరిగిపోనిది ఒకటి. ఇది నా సొంత సిద్ధాంతం అనుకోకండి. 1985లో రాండొల్ఫ్ క్వర్క్, సిడ్నీ గ్రీన్‌బామ్, జెఫ్రీ లీచ్, యాన్ స్వార్త్‌విక్ కలిసి రాసిన పెద్ద ఇంగ్లీషు వ్యాకరణం ఇలాగే చెబుతుంది. 2002లో రోడ్నీ హడిల్‌స్టన్, జెఫ్రీ పుల్లమ్ తెచ్చిన కేంబ్రిడ్జ్ వ్యాకరణం ఇంకా గట్టిగా వాదిస్తుంది. ‘విల్’ అనేది ‘కెన్’, ‘మే’, ‘మస్ట్’ల వరసలో కూర్చునే మాట అని, దాన్ని అక్కణ్ణుంచి లేపి కాలాల వరసలో కూర్చోబెట్టడం కుదరదని వాళ్ళ వాదన.

మరి మన పట్టికలో ఆ నాలుగు గళ్ళు ఎక్కడివి? పాత ఇంగ్లీషు వ్యాకరణాలు లాటిన్ వ్యాకరణాల కొలతలతో తయారయ్యాయి. లాటిన్‌లో భవిష్యత్ కాలం ఉంది కాబట్టి ఇంగ్లీషులోనూ ఒక గడి గీశారు. గడి గీశాక అందులో ఏదో ఒకటి నింపాలి కదా, షల్, విల్ తెచ్చి పెట్టారు. 1653లో జాన్ వాలిస్ అనే ఆయన ఇంగ్లీషు వ్యాకరణాన్ని లాటిన్ భాషలో రాశాడు. ఈయన గొప్ప గణిత పండితుడు, అనంతానికి మనం వాడే పడుకున్న ఎనిమిది గుర్తును లెక్కల్లోకి తెచ్చింది ఈయనే. ‘ఐ షల్’ అంటే జరగబోయేది చెప్పడం, ‘ఐ విల్’ అంటే మాట ఇవ్వడమో బెదిరించడమో, ‘యూ’, ‘హీ’ దగ్గరికి వచ్చేసరికి ఇది తారుమారవుతుందని సూత్రం కట్టాడు. 1795లో వచ్చిన లిండ్లీ మరీ వ్యాకరణం లాంటి బడి పుస్తకాలు ఆ సూత్రాన్ని తరగతి గదుల్లోకి మోసుకెళ్ళాయి. అది తిరిగి తిరిగి, సగం అరిగిపోయి, ‘ఐ, వియ్ వస్తే షల్’గా నా నోట్‌బుక్కులోకి వచ్చి చేరింది.

ఇప్పుడు ‘విల్’ సంగతి చూద్దాం, దీని దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను. పాత ఇంగ్లీషులో రేపటి పనికి కూడా మామూలు వర్తమాన రూపమే వాడేవాళ్ళు. ‘విల్’ అప్పటికి పూర్తి అర్థమున్న క్రియ. దాని అర్థం కోరుకోవడం, కావాలనుకోవడం. మన ఊళ్ళలో ‘పెద్దాయన విల్లు రాసి పోయాడు’ అంటాం చూడండి, ఆ విల్లు, ఈ విల్ ఒకే వేరు నుంచి వచ్చాయి. తన తర్వాత ఏం జరగాలని ఆయన కోరుకున్నాడో రాసిన కాగితం అది. వీలునామాలో ఉన్న వీలు కూడా ఆ విల్లే. ఈ ఒక్క ముక్క చెబితే మా వీధి పిల్లల మొహాలు వెలుగుతాయి. పన్నెండు గళ్ళు చెప్పినప్పుడు నేనెప్పుడూ ఆ వెలుగు చూడలేదు.

కోరిక ఉన్న మాట కాబట్టే ‘ఐ విల్ హెల్ప్ యూ’ అన్నప్పుడు అందులో ‘నాకిష్టమే, చేస్తాను’ అనే భావం ఉంటుంది. ఎవరో బరువు మోస్తుంటే చూసి అప్పటికప్పుడు ‘ఉండు, నేను పట్టుకుంటా’ అంటాం. అక్కడ ఇంగ్లీషులో ‘ఐల్ టేక్ ఇట్’ అనాలి. ‘ఐ యామ్ గోయింగ్ టు టేక్ ఇట్’ అంటే ముందే అనుకుని వచ్చినట్టుంటుంది. ‘ద కార్ వోంట్ స్టార్ట్’ అనే వాక్యం ఇంకా బాగుంటుంది. కారు ఇప్పుడు కదలడం లేదు, ఇందులో భవిష్యత్తు ఏమీ లేదు. మరి ‘వోంట్’ ఎందుకు? మనం ‘బండి కదలనంటోంది’ అనమూ? ‘వాన తగ్గనంటోంది’, ‘తలుపు తెరుచుకోనంటోంది’. ప్రాణం లేని వస్తువు మొండికేసిందని రెండు భాషలూ ఒకేలా అనుకున్నాయి. భవిష్యత్ కాలం గడిలో వెతికితే ఈ ‘వోంట్’ ఎప్పటికీ దొరకదు. తెలుగులో వెతికితే వెంటనే దొరుకుతుంది.

ఇంకొక వాడుక చూడండి. ‘హీ విల్ బి ఎట్ హోమ్ బై నౌ.’ పట్టిక ప్రకారం ఇది భవిష్యత్తు, అర్థం ప్రకారం ఇప్పటి సంగతి. ‘ఈపాటికి ఇంట్లో ఉంటాడు’ అంటున్నాం, ఊహించి చెబుతున్నాం. ‘ఉంటాడు’ అనే రూపమే ‘రేపు ఇంట్లో ఉంటాడు’లోనూ ఉంది. ‘ఆయిల్ విల్ ఫ్లోట్ ఆన్ వాటర్’ అంటే నూనె నీళ్ళ మీద తేలుతుంది. నిన్నా తేలింది, రేపూ తేలుతుంది, అది దాని స్వభావం. ‘విల్’ ఎక్కడెక్కడికి పోతుందో మన ‘తా, తుంది’ చాలావరకు దాని వెంటే పోతోంది.

ఈ స్వభావం అన్న మాట నేను కల్పించింది కాదు. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి తద్ధర్మం అని ఒకదాన్ని వేరుగా చెప్పాడు. ఫలానా కాలం అని కాకుండా, ఆ పని చేసే ధర్మం ఉందని తెలిపే రూపం అది. సూర్యుడు తూర్పున ఉదయించును, ఇలాంటివన్నమాట. ‘వచ్చెదను’ లాంటి భవిష్యత్ రూపం గ్రాంథికంలో వేరే ఉండేది. వాడుక భాషలోకి వచ్చేసరికి ‘వస్తాను’ ఒక్కటే రెండు పనులూ చేస్తోంది. ‘రోజూ వస్తాను’, ‘రేపు వస్తాను’. అంటే ఇవాళ మనం మాట్లాడే తెలుగులోనూ రేపటికంటూ ప్రత్యేకంగా కేటాయించిన క్రియారూపం లేదు. ఇంగ్లీషుకు లేదు, మనకూ లేదు. ఇలాంటి రెండు భాషల మధ్యలో నిలబడిన పిల్లవాడికి లాటిన్ కోసం గీసిన గడి ఎందుకు అడ్డం పెడుతున్నాం?

షల్ గురించి కొంచెమే చెబుతాను. దాని పాత అర్థం రుణపడి ఉండటం, చెయ్యాల్సి ఉండటం. అందుకే చట్టాల్లో అది నిలిచిపోయింది. ‘ఇండియా, దట్ ఈజ్ భారత్, షల్ బి ఎ యూనియన్ ఆఫ్ స్టేట్స్’ అని మన రాజ్యాంగం మొదటి అధికరణం. ఇక్కడ ఐ లేదు, వియ్ లేదు, అయినా షల్ ఉంది, ఎందుకంటే అది శాసనం. మామూలు మాటల్లో ఇప్పుడు షల్ ఎక్కువగా ప్రశ్నల్లోనే వినిపిస్తుంది. ‘షల్ ఐ కమ్?’ అంటే ‘నేను రానా?’, ‘షల్ వియ్ గో?’ అంటే ‘వెళ్దామా?’. ఈ రెండూ నేర్పితే చాలు, పిల్లలకు జీవితాంతం పనికొస్తాయి.

ఇక ‘గోయింగ్ టు’. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. ‘ఐ యామ్ గోయింగ్ టు బై రైస్’ అంటే మొదట్లో నిజంగా బియ్యం కొనడానికి నడిచి వెళ్తున్నానని అర్థం. నడక మెల్లగా అరిగిపోయి ఉద్దేశం ఒక్కటే మిగిలింది. పదిహేనో శతాబ్దం చివరి నుంచి ఆ జాడలు కనిపిస్తాయి, పదిహేడో శతాబ్దానికి బాగా స్థిరపడింది. ఇప్పుడు ‘ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్’ అంటే వాన ఎక్కడికీ నడిచి వెళ్ళడం లేదు. మరి మనం ఏమంటాం? ‘వాన పడబోతోంది.’ ఆ ‘బోతోంది’ ఎక్కడిది? పడ, పోతోంది. పోవడమే! పోవు అనే క్రియ ‘చెయ్య’, ‘పడ’, ‘రా’ల వెనక చేరి, పకారం బకారమై, ‘చెయ్యబోతున్నా’, ‘పడబోతోంది’, ‘రాబోతున్నాడు’ అయింది. వేల మైళ్ళ దూరంలో ఉన్న, ఏ చుట్టరికమూ లేని రెండు భాషలు రేపటిని చెప్పడానికి ‘పోవడం’ అనే ఒకే మాటను ఎంచుకున్నాయి. ఇది మొదటిసారి గమనించిన రోజు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఎదురుగా కనిపించే గుర్తును బట్టి చెప్పడంలోనూ అంతే. మబ్బు చూసి ‘పడబోతోంది’ అంటాం, ‘పడేలా ఉంది’ అంటాం. ఇంగ్లీషులోనూ అక్కడ ‘గోయింగ్ టు’యే పలుకుతుంది.

ఇలా పోల్చుకుంటూ చెబితే మన పిల్లలు ఎక్కువగా చేసే ఒక తప్పు కూడా తగ్గుతుంది. ‘ఇఫ్ ఇట్ విల్ రెయిన్’, ‘అంటిల్ యూ విల్ కమ్’, ‘వెన్ హీ విల్ కమ్’ అని రాస్తుంటారు. ఎందుకు రాస్తారు? రేపటి సంగతి కదా, విల్ పెట్టాలి కదా అని! తప్పు చేయిస్తున్నది ‘టుమారో ఉంటే విల్ రావాలి’ అనే ఆ సూత్రమే. తెలుగు చూడండి. ‘వాన పడితే’, ‘నువ్వు వచ్చేవరకు’, ‘అతను రాగానే’. వీటిలో ఎక్కడైనా భవిష్యత్తు ఉందా? ‘పడుతుందైతే’ అని ఎవరమూ అనం. కాలం చెప్పే పని చివరి క్రియ చూసుకుంటుంది, ముందు ముక్కకు ఆ బరువు ఉండదు. ఇంగ్లీషులోనూ ‘ఐ విల్ వెయిట్ అంటిల్ యూ కమ్’. విల్ ఒకచోటే. ఇలా పక్కపక్కన రాసి చూపించాక మా దగ్గర పిల్లలు ఆ తప్పు చెయ్యడం బాగా తగ్గింది. వాళ్ళ చెవి ముందే సిద్ధంగా ఉంది, మనం అడగలేదంతే.

తెలుగు అన్నిచోట్లా దారి చూపిస్తుందని అనను. ‘రేపు ఫోన్ చేస్తాను’ అనడానికి మనవాళ్ళు ‘ఐ కాల్ యూ టుమారో’ అనేస్తారు. అలవాటుకూ మాట ఇవ్వడానికీ మనకు ఒకటే రూపం కాబట్టి ఈ పొరపాటు. ఇంగ్లీషు వాటిని విడదీస్తుంది. రోజూ చేస్తే ‘ఐ కాల్’, ఇప్పుడు మాట ఇస్తే ‘ఐల్ కాల్’. టైంటేబుల్ లాంటి ఖాయమైన సంగతులకే ‘లీవ్స్’, ‘స్టార్ట్స్’ పనికొస్తాయి. ఈ తేడా కూర్చోబెట్టి నేర్పాల్సిందే, ఓపికగా, చాలా ఉదాహరణలతో. కానీ అది నేర్పాలంటే కూడా పిల్లవాడు తన ‘చేస్తాను’లో రెండు అర్థాలున్నాయని ముందు గుర్తుపట్టాలి కదా.

దీనికి ఎదురు చెప్పేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ మాటలో బలం లేకపోలేదు. మొదట ఒక్క విల్ నేర్పితే చాలు, మిగతావి పెద్దయ్యాక వాళ్ళే నేర్చుకుంటారు, ఇంత చరిత్ర చెబితే తికమకపడతారు అంటారు. విల్‌తో మొదలుపెట్టడానికి నాకు అభ్యంతరం లేదు, నేనూ దానితోనే మొదలుపెడతాను. దాన్ని ‘భవిష్యత్ కాలం’ అని పిలిచినా గొడవ పడను. విల్ ఒక్కటే దారి అని చెప్పడం దగ్గరే నా పేచీ. ఒక మెట్టును చూపించి ఇదే మేడ అంటే, పిల్లవాడు అక్కడే కూర్చుండిపోతాడు. నేను పాతికేళ్ళు వచ్చేదాకా కూర్చున్నాను.

మేనకోడలి పేపరు పట్టుకుని వాళ్ళ టీచరు గారి దగ్గరికి వెళ్ళాను. గొడవకు వెళ్ళలేదు. ఆవిడ శ్రద్ధగా విన్నారు. తర్వాత డ్రాయరు తీసి జవాబుల కీ చూపించారు. అందులో ఆ ప్రశ్నకు ఒకటే జవాబు ఉంది. “అరవై పేపర్లు ఒక్క రాత్రిలో దిద్దాలండీ. కీలో లేనిది ఒప్పుకుంటే మిగతా తల్లిదండ్రులు వచ్చి అడుగుతారు. మీ అమ్మాయి రాసింది తప్పు కాదని నాకూ తెలుసు” అన్నారు. నాకు ఆవిడ మీద కోపం రాలేదు. ఆ కీ తయారుచేసేవాళ్ళకే చెబుతున్నాను, దయచేసి రెండో జవాబుకు కూడా ఒక గీత చోటు ఉంచండి. ‘లీవ్స్’, ‘ఈజ్ లీవింగ్’, ‘విల్ లీవ్’ మూడూ ఒప్పే అని ఒక్క వాక్యం రాయండి. దానికి పైసా ఖర్చు లేదు, కొత్త పుస్తకాలు అక్కర్లేదు.

ఇంటికొచ్చాక మేనకోడలికి ఒక పని పెట్టాను. దసరా సెలవులన్నాళ్ళూ ఇంట్లో ఎవరు రేపటి గురించి ఏం మాట్లాడినా ఉన్నది ఉన్నట్టు నోట్‌బుక్కులో రాయమన్నాను. సెలవులు అయ్యేసరికి నాలుగు పేజీలు నింపింది. ‘సాయంత్రం కరెంటు పోతుందట.’ ‘ఎల్లుండి పిన్ని వాళ్ళొస్తున్నారు.’ ‘పాలు పొంగబోతున్నాయి, చూడు.’ ‘నేను తేనా, నువ్వు తెచ్చుకుంటావా?’ ‘వెళ్ళొస్తాను.’ ఒక్కొక్కటి తీసుకుని ఇంగ్లీషులో ఏమవుతుందో ఇద్దరం కూర్చుని చూశాం. ‘వెళ్ళొస్తాను’ దగ్గర ‘ఐ విల్ గో అండ్ కమ్’ అని రాసి, తనే కొట్టేసి, ‘బై’ అని రాసుకుంది.

ఆఖరి పేజీలో అడుగున వాళ్ళ అమ్మమ్మ, అంటే మా అమ్మ, చెయ్యి చూపిస్తూ అన్న మాట ఉంది. ‘నేను పోయాక ఈ గాజులు నీకే.’

“మామయ్యా, ఇందులో చివర క్రియే లేదు. దీన్నెలా రాయాలి?” అంది.

కాసేపు ఆలోచించి తనే రాసింది. ‘వెన్ ఐ యామ్ గాన్, దీజ్ బ్యాంగిల్స్ ఆర్ యువర్స్.’ రాశాక వేలు పెట్టి ఒక్కొక్క మాటా వెతికింది, విల్ ఎక్కడా లేదు. నా వైపు చూసింది. బావుందమ్మా, అలాగే ఉంచు అన్నాను.